ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ చాలట్లేదా? "4 జీబీ" అని చూసి కార్డ్ కొనే ముందు ఇది చదవండి

మా చెల్లి బీఆర్క్ సెకండియర్. తెనాలి నుంచి రోజూ ట్రైన్‌లో కాలేజీకి వెళ్లొస్తుంది. ఫస్టియర్ అంతా చేత్తో డ్రాయింగ్‌లే కాబట్టి కంప్యూటర్ గోల లేదు. ఈ ఏడాది నుంచి త్రీడీ మోడల్స్, రెండర్లు మొదలయ్యాయి. క్లాసులో చాలామంది దగ్గర గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. మా ఇంట్లో ఉన్నది మాత్రం నాన్న ఎరువుల షాపులో కొన్నాళ్లు బిల్లింగ్‌కి వాడి పక్కన పెట్టేసిన అసెంబుల్డ్ డెస్క్‌టాప్.

"అన్నయ్యా, ల్యాప్‌టాప్ ఏం వద్దులే. దీనికే గ్రాఫిక్స్ కార్డ్ పెట్టిస్తే చాలంటున్నారు మా ఫ్రెండ్స్" అని ఫోన్ చేసింది. ల్యాప్‌టాప్ అడిగితే నాన్న అప్పు చేస్తారని తనకి తెలుసు, నాకూ తెలుసు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, బీటెక్ చదివా, రోజంతా కోడ్ రాస్తా. గ్రాఫిక్స్ కార్డ్ కొనడం ఒక లెక్కా అనుకున్నా. ఆన్‌లైన్‌లో చూశా, "4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్" అని పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒకటి 4,800 రూపాయలకి ఆర్డర్ పెట్టేశా. దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు బ్యాగులో వేసుకుని వెళ్లా.

క్యాబినెట్ విప్పా, కార్డ్ పెట్టా, డ్రైవర్ ఎక్కించా. చెల్లి బ్లెండర్‌లో తన ప్రాజెక్ట్ ఓపెన్ చేసి మోడల్‌ని అటూ ఇటూ తిప్పింది. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అన్నయ్యా, ముందు కంటే స్లో అయినట్టుంది కదా?" అంది.

నిజంగానే స్లో అయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే బాక్స్ ఓపెన్ చేశాక వెనక్కి తీసుకోం అన్నారు. తన సబ్మిషన్‌కి ఇంకా 3 వారాలే టైముంది.

ఆ 3 వారాల్లో నేను మొదట చేయాల్సిన పనులన్నీ ఆఖర్లో చేశాను. మీరైనా సరైన వరసలో చేయండి అనే ఇది రాస్తున్నా. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఉన్న డెస్క్‌టాప్‌కి కార్డ్ వేయాలంటే ముందు చూడాల్సింది కార్డ్‌ని కాదు, ఇప్పుడున్న డబ్బాలో ఏముందో చూడాలి.

అసలు ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఎక్కడ తడబడుతుంది?

మా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-8400. 6 కోర్లు, 65 వాట్ల ప్రాసెసర్. అందులోనే యూహెచ్‌డీ 630 అనే గ్రాఫిక్స్ ఉంటుంది. "ఆన్‌బోర్డ్" అంటాం కానీ, ఈ జనరేషన్లలో అది మదర్‌బోర్డ్ మీద ఉండదు, ప్రాసెసర్ చిప్ లోపలే ఉంటుంది. మదర్‌బోర్డ్ మీద ఉండేది హెచ్‌డీఎంఐ, వీజీఏ పోర్టులు మాత్రమే.

ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు. సిస్టమ్ ర్యామ్‌నే సీపీయూతో కలిసి పంచుకుంటుంది. ఒకే బోరింగ్‌కి రెండిళ్ల వాళ్లు పైపు వేసుకున్నట్టు. ఇక్కడ ర్యామ్ ఎన్ని జీబీ అన్నదాని కంటే, సెకనుకి ఎంత డేటా అటూ ఇటూ పోగలదు అన్నదే ముఖ్యం. దాన్నే బ్యాండ్‌విడ్త్ అంటాం.

లెక్క చాలా సింపుల్. డీడీఆర్4 2666 ర్యామ్ ఒక స్టిక్ ఉంటే 64 బిట్లు, అంటే ఒక్కోసారి 8 బైట్లు. 2666ని 8తో గుణించండి. సెకనుకి సుమారు 21.3 జీబీ. అదే రెండు స్టిక్స్ ఉంటే డ్యూయల్ ఛానల్‌లో పనిచేసి 42.6 జీబీ అవుతుంది. మా దాంట్లో 8 జీబీ స్టిక్ ఒకటే ఉంది. బిల్లింగ్‌కి అది చాలు. త్రీడీకి మాత్రం ఉన్న దారిలో సగం మూసేసినట్టే.

ఇప్పుడు నేను కొన్న "4 జీబీ" కార్డ్ సంగతి చూద్దాం. దాని మీదున్నది డీడీఆర్3 మెమరీ, 64 బిట్ బస్. ఈ రకం కార్డుల్లో మెమరీ స్పీడ్ 1800 అయితే బ్యాండ్‌విడ్త్ 14.4 జీబీ. నేను డబ్బులు పెట్టి కొన్న దాని దారి, ఇంట్లో ఊరికే ఉన్న దాని దారి కంటే ఇరుకు! సీపీయూతో పంచుకోవాల్సిన పని లేదనేది ఒక్కటే దానికున్న ప్లస్. చిప్ కూడా పాతదే. 4 జీబీ అనేది ట్యాంక్ సైజు మాత్రమే, దానికి బిగించింది సన్న పైపు.

ఇది ఏదో ఒక్క కార్డ్ కథ కాదు. మార్కెట్లో ఒకే పేరుతో రెండు రకాల సరుకు కూడా ఉంటుంది. జీటీ 1030 చూడండి. జీడీడీఆర్5 మెమరీ ఉన్న వెర్షన్‌లో బ్యాండ్‌విడ్త్ 48 జీబీ. 2018లో వచ్చిన డీడీఆర్4 వెర్షన్‌లో 16.8 జీబీనే. బాక్స్ మీద రెండింటి పేరూ జీటీ 1030నే. కాబట్టి బాక్స్ మీద జీబీ కాదు, మెమరీ రకం, బస్ ఎన్ని బిట్లు అనేవి చదవండి. డీడీఆర్3 అనో, ఉత్త డీడీఆర్4 అనో ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి. ముందు "జీ" అక్షరం ఉండాలి, జీడీడీఆర్5 లేదా జీడీడీఆర్6.

ముందు 5 నిమిషాలు టాస్క్ మేనేజర్‌తో

కార్డ్ కావాలా వద్దా అనేది కూడా ఊహించి చెప్పక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి.

మెమరీ మీద క్లిక్ చేస్తే ర్యామ్ స్పీడ్, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారు అనేది కనిపిస్తుంది. "2లో 1" అని ఉందంటే మీకు దొరికిన మొదటి అప్‌గ్రేడ్ అదే.

జీపీయూ మీద క్లిక్ చేసి, మీ గేమో సాఫ్ట్‌వేరో నడుపుతూ గ్రాఫ్ చూడండి. జీపీయూ 100 శాతం దగ్గర ఉండి సీపీయూ ఖాళీగా ఉంటే కార్డ్ వేస్తే లాభం ఉంటుంది. సీపీయూనే 100 దగ్గర ఉంటే, ఆ పని అసలు గ్రాఫిక్స్‌తో జరుగుతోందా లేదా అని ముందు తెలుసుకోవాలి.

మాకు ఇక్కడే రెండో విషయం తెలిసింది. చెల్లి బ్లెండర్‌లో సైకిల్స్ ఇంజిన్‌తో రెండర్ పెడితే జీపీయూ గ్రాఫ్ కదలట్లేదు, సీపీయూ 6 కోర్లూ ఫుల్. ఎందుకంటే సైకిల్స్ యూహెచ్‌డీ 630ని అసలు వాడుకోదు. అంటే తనకి ఉన్నవి రెండు వేరు వేరు సమస్యలు. మోడల్ తిప్పుతుంటే ఆగి ఆగి కదలడం యూహెచ్‌డీ 630 వల్ల. రెండర్‌కి గంటలు పట్టడం సీపీయూ ఒక్కటే మోస్తున్నందువల్ల. మొదటిదానికి ర్యామ్ కొంత సాయం చేస్తుంది. రెండోదానికి సరైన కార్డ్ తప్ప దారి లేదు.

అదే మీరు వాలొరెంట్ లాంటి గేమ్ మాత్రమే ఆడేవాళ్లయితే సంగతి వేరు. అది ఆన్‌బోర్డ్ మీద కూడా నడిచేలా తయారుచేసిన గేమ్. సెట్టింగ్స్ తగ్గించి, రెండో ర్యామ్ స్టిక్ వేసి ఒకసారి చూడండి. కార్డ్ డబ్బులు మిగలొచ్చు.

మొదటి పని: రెండో ర్యామ్ స్టిక్

తెనాలిలోనే ఒక సర్వీస్ షాపులో వాడిన 8 జీబీ డీడీఆర్4 2666 స్టిక్ 1,500కి దొరికింది. ర్యామ్ రేట్లు ఎప్పుడు ఎలా ఉంటాయో చెప్పలేం కాబట్టి మీరు కొనే రోజు రెండు మూడు చోట్ల కనుక్కోండి. ఉన్న స్టిక్ సైజు, స్పీడ్‌కి సరిపోయేదే తీసుకోండి. మదర్‌బోర్డ్‌కి 4 స్లాట్లు ఉంటే పక్కపక్కన కాకుండా, మాన్యువల్‌లో చెప్పిన జంటలో పెట్టాలి. మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్లు. పెట్టాక సీపీయూ-జీ అనే ఫ్రీ టూల్ మెమరీ ట్యాబ్‌లో డ్యూయల్ అని చూపిస్తే పని అయినట్టే.

నేను తెచ్చిన కార్డ్ పీకేసి, మానిటర్ కేబుల్ మళ్లీ మదర్‌బోర్డ్‌కి పెట్టి, రెండో స్టిక్ వేశాం. అదే ప్రాజెక్ట్ ఓపెన్ చేసింది. "ఇప్పుడు పర్లేదు అన్నయ్యా, తిప్పితే తిరుగుతోంది" అంది. 4,800 పెట్టిన కార్డ్ చేయలేని పని 1,500 ర్యామ్ చేసింది. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "మరి అది ఎందుకు కొన్నట్టు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రెండో పని: పవర్ సప్లై లేబుల్ చదవడం

చాలామంది వదిలేసేది ఇదే. ప్రమాదం ఉన్నది కూడా ఇక్కడే.

సైడ్ ప్యానెల్ విప్పితే పవర్ సప్లై మీద స్టిక్కర్ ఉంటుంది. మా దాని మీద పెద్దగా 450 అని ఉంది. అది చూసి మోసపోకండి. కింద చిన్న గళ్లల్లో 12 వోల్టుల గడి వెతకండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ ప్రధానంగా తినేది ఆ లైన్ నుంచే. మా దాంట్లో అక్కడ 14 ఆంపియర్లు అని ఉంది. 12ని 14తో గుణిస్తే 168 వాట్లు. 450 అని రాసుకున్న డబ్బా అసలు పని చేసే చోట ఇవ్వగలిగేది 168!

ఇప్పుడు ఖర్చు లెక్క. ప్రాసెసర్ 65 వాట్లు, బూస్ట్‌లో అంతకంటే ఎక్కువ తింటుంది కాబట్టి 90 అనుకుందాం. కార్డ్ 75. ఫ్యాన్లు, డిస్కులు, మదర్‌బోర్డ్ కలిపి ఇంకో 30. మొత్తం 195. ఇది 168లో ఎక్కడ పడుతుంది? మొదటి రోజే ఆగిపోకపోవచ్చు. కానీ రాత్రంతా రెండర్ పెడితే మధ్యలో రీస్టార్ట్ అవ్వడం, ఖర్మ కాలితే మదర్‌బోర్డ్‌ని కూడా తీసుకుపోవడం ఇలాగే జరుగుతాయి.

అందుకే 80 ప్లస్ బ్రాంజ్ సర్టిఫికేషన్ ఉన్న 450 వాట్ల పవర్ సప్లై ఒకటి కొత్తది కొన్నాం. 3,000 అయింది. పవర్ సప్లై మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. లోపల కెపాసిటర్లు ఎంత అరిగాయో పైకి తెలియదు.

కనెక్టర్ల లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. ప్రమాణం ప్రకారం పెద్ద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఒక కార్డ్‌కి 75 వాట్ల వరకు ఇస్తుంది. కార్డ్ మీద 6 పిన్ ఉంటే ఇంకో 75, 8 పిన్ ఉంటే ఇంకో 150. పవర్ సప్లైలో ఆ పిన్ లేకపోతే కన్వర్టర్ కేబుల్‌తో సర్దుకోవచ్చు అని షాపుల్లో చెబుతారు. 6 పిన్ కేబుల్ కూడా లేని పవర్ సప్లై అంటే అంత లోడ్ కోసం దాన్ని తయారు చేయలేదని అర్థం.

ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్ మీదైతే ఇంకాస్త జాగ్రత్త. వాటిల్లో చాలావాటికి పవర్ సప్లై సైజు, కనెక్టర్లు వేరుగా ఉంటాయి, బయట దొరికేది పట్టదు. సన్న క్యాబినెట్ అయితే సగం ఎత్తు కార్డే పడుతుంది, దానికి పొట్టి బ్రాకెట్ కూడా కావాలి. కొన్ని మోడళ్లలో స్లాట్ 75 వాట్లు కూడా ఇవ్వదు. మోడల్ నంబర్‌తో మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి స్లాట్ ఎన్ని వాట్లో చూశాకే ముందుకెళ్లండి.

యూపీఎస్ ఉంటే దాన్నీ చూడండి. ఇళ్లల్లో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లవి. మా సెటప్ మానిటర్‌తో కలిపి అందులో పడుతుంది. పెద్ద కార్డ్ వేస్తే కరెంట్ పోగానే యూపీఎస్ ఉండి కూడా సిస్టమ్ ఆగిపోతుంది.

మూడో పని: డబ్బాకి సరిపోయే కార్డ్

ఇప్పుడు, అంటే అన్నీ చూశాక, కార్డ్. పాత ఆన్‌బోర్డ్ డెస్క్‌టాప్‌లకి ఎక్కువగా వినిపించే పేర్లు ఇవి. నేను ఏది ఎందుకు తీసుకున్నా, ఏది ఎందుకు వదిలేశానో చెబుతా.

జీటీఎక్స్ 1050 టీఐ: 2016లో వచ్చింది. 4 జీబీ జీడీడీఆర్5, 75 వాట్లు, బ్యాండ్‌విడ్త్ 112 జీబీ. సెకండ్ హ్యాండ్‌లో చవకే. కానీ ఇది పాస్కల్ తరం. ఈ తరానికి ఎన్విడియా 2025 అక్టోబర్‌తో గేమ్ రెడీ డ్రైవర్లు ఆపేసింది, ఇకపై సెక్యూరిటీ అప్‌డేట్లే. చెల్లి ఇంకో 3 ఏళ్లు పైనే వాడాలి కాబట్టి వదిలేశా.

ఆర్ఎక్స్ 6400: 53 వాట్లే, పవర్ కేబుల్ అక్కర్లేదు, పొట్టి వెర్షన్లు దొరుకుతాయి. కాగితం మీద బంగారం. కానీ ఇది స్లాట్‌లో 4 లేన్లే వాడుకుంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉన్న బోర్డులో ఆ 4 లేన్లకి సెకనుకి దాదాపు 8 జీబీ వస్తుంది. మా 8వ జనరేషన్ బోర్డులో ఉన్నది 3.0, అంటే సగం, దాదాపు 4 జీబీ. పాత బోర్డుల్లో పర్ఫార్మెన్స్ పడిపోతుంది. పైగా వీడియో ఎన్‌కోడర్ లేదు కాబట్టి గేమ్‌ప్లే రికార్డింగ్‌కి కార్డ్ సాయం చేయదు. రైజెన్ 5 5600జీ ఉన్నవాళ్లు కూడా గమనించండి. ప్రాసెసర్ కొత్తదే అయినా అందులో ఉన్నది 3.0నే.

ఇంటెల్ ఆర్క్ ఏ380: 6 జీబీ మెమరీ, వీడియో ఎడిటింగ్‌కి మంచిది. కానీ రీసైజబుల్ బార్ అనే ఫీచర్ ఉన్న సిస్టమ్‌లోనే ఇది సరిగ్గా పనిచేస్తుంది. ఇంటెల్ తనే 10వ జనరేషన్ నుంచి అని చెబుతోంది. మాది 8.

ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ: 2024లో వచ్చింది, 70 వాట్లు, బ్యాండ్‌విడ్త్ 168 జీబీ, చాలా మోడళ్లకి పవర్ కేబుల్ అక్కర్లేదు. కొత్తది కొనే బడ్జెట్ ఉంటే, పవర్ సప్లై మార్చడం కుదరని డెస్క్‌టాప్‌కి నా ఓటు దీనికే. మా బడ్జెట్‌కి దాటిపోయింది. ఇదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, దానికి కరెంట్ బాగా ఎక్కువ కావాలి. బాక్స్ మీద 6 అని ఉందో లేదో చూసి తీసుకోండి.

జీటీఎక్స్ 1650: 2019లో వచ్చింది, 4 జీబీ, 896 క్యూడా కోర్లు. జీడీడీఆర్5 వెర్షన్‌లో బ్యాండ్‌విడ్త్ 128 జీబీ, తర్వాత వచ్చిన జీడీడీఆర్6 వెర్షన్‌లో 192 జీబీ. 16 లేన్లూ వాడుకుంటుంది కాబట్టి 3.0 బోర్డుతో ఇబ్బంది లేదు. ట్యూరింగ్ తరం కాబట్టి డ్రైవర్ల గోల ఇంకా రాలేదు. మేం తీసుకున్నది జీడీడీఆర్6 వెర్షన్, సెకండ్ హ్యాండ్, 7,500. దీనికి 6 పిన్ కేబుల్ కావాలి, పవర్ సప్లై ముందే మార్చాం కాబట్టి సరిపోయింది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

సెలవులైపోయి హైదరాబాద్ వచ్చాక ఒక శనివారం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లా. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక రౌండ్ వేస్తే రేట్ల మీద ఒక ఐడియా వస్తుంది. ఈసారి డబ్బులిచ్చే ముందే అన్నీ చూశా.

కార్డ్‌ని షాపులోని సిస్టమ్‌లో పెట్టి చూపించమనండి. చూపించం అంటే నమస్కారం పెట్టి పక్క షాపుకి వెళ్లండి.

పెన్ డ్రైవ్‌లో జీపీయూ-జీ అనే ఫ్రీ టూల్ తీసుకెళ్లండి. చిప్ పేరు, మెమరీ రకం, బస్, కోర్ల సంఖ్య అన్నీ ఒకే విండోలో కనిపిస్తాయి. పాత చిప్‌కి కొత్త పేరు ఎక్కించిన నకిలీ కార్డులు కొన్నింటిని కూడా అది పట్టేస్తుంది.

ఫర్‌మార్క్ లాంటి స్ట్రెస్ టెస్ట్ 10 నిమిషాలు నడపండి. స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వచ్చినా, ఫ్యాన్ గరగరలాడినా, టెంపరేచర్ ఆగకుండా పెరుగుతూనే ఉన్నా వద్దు.

స్క్రూలు, స్టిక్కర్లు చూడండి. విప్పి మళ్లీ బిగించినట్టుంటే ఎందుకు విప్పారో అడగండి. సీరియల్ నంబర్ ఉంటే వారంటీ మిగిలిందేమో కనుక్కోవచ్చు.

పోర్టులన్నీ ఒక్కొక్కటిగా చెక్ చేయండి. ఇంట్లో మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే ముందే ఆలోచించుకోండి. ఈ కార్డుల్లో వీజీఏ ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. ఉత్త వైరుతో పని జరగదు.

బిగించడం: 20 నిమిషాల పని

కార్డ్‌ని చెల్లే బిగించింది. నేను వీడియో కాల్‌లో ఉన్నా. ఫ్రెండ్‌తో పంపిన కార్డ్ ఆదివారం పొద్దున తెనాలి చేరింది.

సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంట్ పోగొట్టాలి. చేత్తో క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే ఒంటి మీది స్టాటిక్ పోతుంది. స్లాట్‌కి ఎదురుగా వెనక ఉన్న రేకు తీసేసి, కార్డ్‌ని నిటారుగా, టక్ అని చప్పుడొచ్చే వరకు నొక్కాలి. వెనక స్క్రూ బిగించాలి. 6 పిన్ కేబుల్ పెట్టాలి. ఇంత వరకూ తను బాగానే చేసింది.

ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ లేదు, నల్లగా ఉంది. "అన్నయ్యా, పోయిందా?" అంది. గొంతు మారిపోయింది. నాకూ ఒక క్షణం చెమట పట్టింది. కెమెరా వెనక వైపు తిప్పమన్నా. మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డ్ పోర్టుకే ఉంది!

దాదాపు ప్రతి మొదటి అప్‌గ్రేడ్‌లో జరిగేది ఇదే. కార్డ్ పెట్టాక చాలా బోర్డులు ఆన్‌బోర్డ్ పోర్టుని ఆపేస్తాయి. ఆపకపోతే ఇంకో చిక్కు, డిస్‌ప్లే వస్తుంది కానీ పనంతా ఆన్‌బోర్డ్ మీదే జరుగుతూ "కార్డ్ వేసినా తేడా లేదేంటి" అనిపిస్తుంది. కేబుల్ కార్డ్ పోర్టుకే పెట్టండి. అప్పటికీ రాకపోతే, ఆన్‌బోర్డ్ పోర్టుతో బయోస్‌లోకి వెళ్లి ప్రైమరీ డిస్‌ప్లేని ఆటో లేదా పీసీఐఈకి మార్చి చూడండి.

డిస్‌ప్లే వచ్చాక ఎన్విడియా సైట్ నుంచి డ్రైవర్ వేసింది. ఇంటెల్ డ్రైవర్‌ని తీసేయాల్సిన పని లేదు. తర్వాత బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ విభాగానికి వెళ్లి క్యూడా ఎంచుకుని, సీన్‌లో రెండర్ డివైస్‌ని జీపీయూకి మార్చాలి. ఇది మార్చకపోతే కార్డ్ ఊరికే కూర్చుంటుంది, సీపీయూనే కష్టపడుతుంది.

తేడా ఎంత?

తన ప్రాజెక్ట్‌లోని హాలు సీన్‌నే పాతా కొత్తా రెండింటి మీదా రెండర్ చేసి చూశాం. సీపీయూ మీద 41 నిమిషాలు పట్టింది, కార్డ్ మీద 11 నిమిషాలు. మోడల్ తిప్పుతుంటే ఆగడం పోయింది.

పరిమితి కూడా చెప్పాలి. 4 జీబీ మెమరీ పెద్ద సీన్లకి చాలదు. చెట్లు, 4కే టెక్స్చర్లు గుప్పించేసరికి ఒకసారి మెమరీ అయిపోయిందని ఎర్రర్ వచ్చింది. టెక్స్చర్లు 2కేకి తగ్గించుకుంది, పని నడిచింది. కొత్త పెద్ద గేమ్స్ హై సెట్టింగ్స్‌లో ఆడాలనుకునేవాళ్లకి ఈ కార్డ్ సరిపోదు, ఆ ఐ5-8400 కూడా సరిపోదు. అప్పుడు ఈ డబ్బాకి డబ్బులు పెట్టే బదులు కొత్త డబ్బా కోసం దాచుకోవడమే మంచిది. ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 వస్తుంది కాబట్టి మేం పెట్టాం. 7వ జనరేషన్, అంతకంటే పాతదైతే అధికారికంగా విండోస్ 11 రాదు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అలాంటి సిస్టమ్ మీద కార్డ్‌కి పెద్ద మొత్తం పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

మొత్తం ఖర్చు: ర్యామ్ 1,500, పవర్ సప్లై 3,000, కార్డ్ 7,500. కలిపి 12,000. నా తొందర ఖరీదు ఇంకో 4,800, అది వేరే ఖాతా. ఇవి నేను కొన్నప్పటి రేట్లు, మీరు వెళ్లే రోజుకి మారతాయి. వరస మాత్రం మారదు. ముందు టాస్క్ మేనేజర్, తర్వాత ర్యామ్, తర్వాత పవర్ సప్లై లేబుల్, తర్వాత స్లాట్, క్యాబినెట్, మానిటర్ పోర్టు. కార్డ్ ఆఖరున.

ఆ మొదటి కార్డ్ ఏమైందంటారా? ఆన్‌లైన్‌లో "4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్" అనే పెట్టి అమ్మేయమన్నాడు నా రూమ్మేట్. నాలాగే ఎవరో ఒకరు కొనేస్తారని నాకూ తెలుసు. కానీ మనసు రాలేదు. ఇలాంటి కార్డులకీ ఒక పని ఉంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకి లోపల గ్రాఫిక్స్ ఉండదు, స్క్రీన్ రావాలంటేనే ఏదో ఒక కార్డ్ కావాలి. నాన్న షాపు పక్కన జిరాక్స్ సెంటర్ బాబాయ్ దగ్గర అలాంటి సిస్టమే ఒకటి డిస్‌ప్లే లేక మూలన పడి ఉంది. దానికి పెట్టేశాం. టైపింగ్, ప్రింట్లకి చక్కగా నడుస్తోంది.

చెల్లి సబ్మిషన్ అయిపోయింది, టైముకే ఇచ్చింది. షీట్లు ప్రింట్ తీయించింది కూడా ఆ జిరాక్స్ సెంటర్‌లోనే. బాబాయ్ డబ్బులు తీసుకోలేదట.